శిబిరం అయిపోయిన మర్నాడు



సంక్రాంతి నెల పట్టిందంటే కోనసీమలో ప్రభల పనులతో పాటు ఇంకో పని కూడా మొదలవుతుంది. అమెరికా నుంచి, ఇంగ్లండు నుంచి, గల్ఫ్ దేశాల నుంచి ఊరివాళ్లు పండక్కి వస్తారు. వాళ్లలో డాక్టర్లుంటారు, పంటి డాక్టర్లుంటారు, నాలుగు డబ్బులు పెట్టగలిగినవాళ్లుంటారు. "మన ఊరికి ఏదైనా చేద్దామండీ" అని ఒకరంటారు. నాలుగు రోజులు తిరక్కుండానే హైస్కూలు ఆవరణలో షామియానా లేస్తుంది. మైకు కట్టిన ఆటో పేటపేటకీ తిరుగుతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఇలాంటి ఉచిత వైద్య శిబిరాల్లో చాలా ఏళ్లుగా వలంటీరుగా పనిచేస్తున్నవాణ్ని నేను. డాక్టర్ని కాను. చీటీలు రాస్తాను, లైను చూస్తాను, పెద్దవాళ్లను చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్తాను. ఆ పనిలో చూసినవి, చూసి చూసి నాకు గట్టిగా అనిపించినవి ఈ పూట మీతో చెప్పుకుంటాను. పంటి వైద్యం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఆగవలసిన అవసరం ఉంది.

శిబిరానికి వచ్చినవాళ్లు ముందు బీపీ బల్ల దగ్గరికి వెళ్తారు. తర్వాత షుగరు, తర్వాత కళ్లు, మోకాళ్లు. పంటి బల్ల అన్నిటికంటే చివర ఉంటుంది. సగంమంది అక్కడిదాకా రారు. "పళ్లకేముందిలెండి, ఊడేవి ఊడతాయి" అనేసి మందుల పొట్లం పట్టుకుని ఇంటికి పోతారు. వచ్చినవాళ్లు నొప్పి ఇక పట్టలేని దశలోనే వస్తారు. అప్పటికే లవంగం పెట్టి చూసి ఉంటారు, పొగాకు నలిపి దవడలో నొక్కి ఉంటారు, మందులషాపులో ఏదో బిళ్ల అడిగి మింగి ఉంటారు. కొబ్బరి దింపు కార్మికుడు పని మానితే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని జ్వరమొస్తే మంచమెక్కుతాడు గాని, పన్ను పోటుతో చెట్టే ఎక్కుతాడు.

పంటి డాక్టరు దాకా జనం వెళ్లకపోవడానికి మన నేల తీరు కూడా ఒక కారణం. ఒక పక్క గౌతమి, ఒక పక్క వసిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. అమలాపురం నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి దాదాపు 60 కిలోమీటర్లు. అంతర్వేది వైపు నుంచి అయితే వంద దాటుతుంది. పి.గన్నవరం మండలంలో ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక ఉన్నాయి. వరద రాగానే అక్కడి తాత్కాలిక గట్టు తెగిపోయి, ఆ నాలుగు ఊళ్లూ నెలల తరబడి పడవ మీద ఆధారపడటం ఏళ్ల తరబడి చూశాం. అలాంటి చోట ఉన్న మనిషి ఒక పన్ను కోసం బయల్దేరాలంటే పడవ ఎక్కాలి, ఆటో ఎక్కాలి, బస్సు ఎక్కాలి. వెళ్లాక "వచ్చే బుధవారం మళ్లీ రండి" అంటే? ఆ బుధవారం ఆయన రాడు. ఆ రాకపోవడాన్ని మనం నిర్లక్ష్యం అంటాం. నాకైతే ఆ మాట అనబుద్ధి కాదు.

పైగా భయాలు. పై పళ్లు పీకిస్తే కళ్లు పోతాయన్న నమ్మకం మన పల్లెల్లో ఇప్పటికీ బలంగా ఉంది. చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. కంటిచూపుకి ఆధారమైన నరం వేరు, పళ్లకి స్పర్శ, నొప్పి తెలియజేసే నరం వేరు. పన్ను తీస్తే చూపు తగ్గదు. వయసు మీద పడ్డప్పుడు పళ్లు కదలడం, కంటికి శుక్లం రావడం ఒకే కాలంలో జరుగుతాయి కాబట్టి ఒకదానివల్ల ఇంకోటి వచ్చిందనుకుంటారు. ఇది డాక్టరు చెబితే తలూపి వెళ్లిపోతారు. పక్కనే కూర్చుని, "మామ్మగారూ, మా అమ్మకి పైవరస మొత్తం తీశారండి, ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తుంది" అని వాళ్ల ఊరి అమ్మాయి చెబితే కుర్చీ ఎక్కుతారు. వలంటీరు చేసే వైద్యం ఇలాంటిదే.

రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు శిబిరం పెడితే ఒక సంగతి తప్పకుండా కనిపిస్తుంది. పిల్లల్ని తీసుకొచ్చేది అమ్మ కాదు, అమ్మమ్మో నాయనమ్మో. తల్లి కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఎవరి ఇంట్లోనో పనిచేస్తూ ఉంటుంది. ఆవిడ పంపే డబ్బుతో ఇల్లు నడుస్తుంది. పిల్లాడు ఏడిస్తే ముసలావిడ చేతిలో ఉన్న చిల్లర తీసి బిస్కెట్ ప్యాకెట్ కొనిపెడుతుంది. తల్లి దగ్గర లేని బిడ్డ మీద ఆవిడకున్న జాలి అది. నాలుగేళ్లకే ముందుపళ్లు నల్లబడి, అరిగి, మొదళ్లు మాత్రం మిగిలిన పిల్లల్ని ఎంతమందిని చూశానో. "పాలపళ్లే కదండీ, ఊడిపోతాయి" అంటారు. ఊడేదాకా ఆ పిల్లాడు నమలాలి కదా, నిద్రపోవాలి కదా. పుచ్చిన పాలపన్ను చీము పడితే, కింద తయారవుతున్న అసలు పన్ను కూడా పాడవ్వచ్చు.

ఇక్కడ ఒక మంచి కబురు చెప్పాలి. పుప్పిపన్నుకి వైద్యమంటే కరెంటు మీద తిరిగే డ్రిల్లు, ఏసీ గది ఉండాలని మనం అనుకుంటాం. 1980ల్లో ఆఫ్రికాలోని టాంజానియాలో, కరెంటు లేని పల్లెల కోసం ఒక పద్ధతి మొదలుపెట్టారు. చేతి పనిముట్లతో మెత్తబడిన పుప్పిని గీకి తీసేసి, గ్లాస్ అయొనొమర్ అనే సిమెంటుతో గుంట నింపుతారు. మిషను చప్పుడు ఉండదు, చాలా సార్లు మత్తు సూది కూడా అక్కర్లేదు. ఇంకొకటి సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే చుక్కల మందు. పుప్పి మీద రాస్తే చాలాసార్లు అది అక్కడితో ఆగుతుంది. రాసినచోట పన్ను నల్లబడుతుంది, ఆ మాట పెద్దవాళ్లకి ముందే చెప్పాలి. ఆ సిమెంటునీ, ఈ చుక్కల మందునీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన లంకల్లో, బడి వరండాలో, వేపచెట్టు కింద కూడా చేయగలిగిన వైద్యమిది. పీకడం కంటే నిలబెట్టడం మేలు. శిబిరానికి వచ్చే పంటి డాక్టర్లకు నా విన్నపం, పీకే పటకార్లతో పాటు వీటిని కూడా సంచిలో వేసుకు రండి.

ఇక నోటి క్యాన్సరు. ఈ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగినా క్షమించాలి. చుట్ట, బీడీ, గుట్కా, జర్దా కిళ్లీ, దవడలో పెట్టుకునే పొగాకు, ఇవన్నీ మన ఊళ్లలో ఉన్నాయి. ఉత్తర కోస్తా ఊళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట నిప్పుని నోటి లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిటికి తగులుతాయి. అందుకే వాళ్లలో అంగిలి క్యాన్సరు ఎక్కువని శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో పరిశీలించిన వైద్యులు ఎప్పుడో తేల్చారు. గుట్కా నమిలేవాళ్లకి ఇంకో బాధ, నోరు బిగుసుకుపోతుంది. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే డాక్టరుకి చూపించుకోవలసిందే. నోట్లో తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, రెండు వారాలైనా మానని పుండు గాని ఉంటే నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. మొదట్లో అది చాలాసార్లు నొప్పి పెట్టదు. ఈ మాట రేడియో వింటున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరికి పనికొస్తుందని నా నమ్మకం.

అందుకే శిబిరంలో చిగుళ్ల కోసం వచ్చినా, బీపీ కోసం వచ్చినా, ప్రతి మనిషి నోరూ తెరిపించి టార్చి వేసి చూడాలంటాను. మనిషికి రెండు నిమిషాలు పట్టదు. మందు ఖర్చు లేదు. చూసే కన్ను ఉంటే చాలు. అనుమానం ఉన్న మనిషి చీటీ మీద ఎర్రగీత గీయాలి. ఆ చీటీ మందుల చీటీల్లో కలిసిపోకూడదు. నోటి క్యాన్సరుకి ప్రభుత్వ ఆరోగ్య పథకంలో శస్త్రచికిత్స ఉంది. ఆరోగ్యశ్రీ అని 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్నదే. కార్డు ఇంట్లో పెట్టెలో ఉంటుంది, జబ్బు నోట్లో ఉంటుంది, రెండింటినీ కలిపే మనిషి మాత్రం ఉండడు. ఆ మనిషి వలంటీరు కావాలి.

సేవకని దూరదేశాల నుంచి మన గోదావరి గట్టుకి రావడం ఇవాళ్టిది కాదు. కెనడా బాప్టిస్టు మిషన్ తరఫున వచ్చిన ఇసబెల్ హాచ్ అనే ఆవిడ, గౌతమికి అవతల రామచంద్రపురంలో, 19వ శతాబ్దం చివర కుష్ఠురోగులకి ఒక ఆశ్రమం నిలబెట్టారు. అప్పటికి ఆ జబ్బుని నయం చేసే మందు ప్రపంచంలోనే లేదు. ఇప్పుడు మనం వాడుతున్న బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. మందు లేని రోజుల్లో ఆవిడ చేయగలిగింది పుండ్లు కడిగించడం, అన్నం పెట్టించడం, ఊరు వెలివేసినవాళ్లకి ఒక కప్పు చూపించడం. మతం సంగతి పక్కన పెట్టి ఒక్క విషయం గమనించండి. ఆవిడ వచ్చి చూసి వెళ్లిపోలేదు, ఇక్కడే ఉండిపోయారు.

ఉండిపోయిన మరో మనిషి మన కాలంలోనే ఉన్నారు. డాక్టర్ సంకురాత్రి చంద్రశేఖర్ గారు. కెనడా రాజధాని అట్టావాలో జీవశాస్త్రవేత్తగా పనిచేసేవారు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానాన్ని బాంబుతో కూల్చినప్పుడు చనిపోయిన 329 మందిలో ఆయన భార్య మంజరి, కొడుకు శ్రీకిరణ్, కూతురు శారద ఉన్నారు. కొన్నేళ్లకి ఉద్యోగం వదిలి కాకినాడ దగ్గరికి వచ్చేశారు. 1989లో ఫౌండేషన్ పెట్టారు. కూతురి పేర బడి, కొడుకు పేర 1993లో కంటి ఆసుపత్రి. 2023లో పద్మశ్రీ వచ్చింది. అవార్డు సంగతి అందరికీ తెలిసిందే, నేను చెప్పదలచింది ఆ ఆసుపత్రి పద్ధతి గురించి. వాళ్లు పల్లెకి వచ్చి పరీక్ష చేస్తారు, ఆపరేషన్ మాత్రం అక్కడ చేయరు. శుక్లం ఉన్నవాళ్లను బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆపరేషన్ చేసి, తిండీ పడకా ఇచ్చి, మళ్లీ బస్సులో ఊళ్లో దింపుతారు.

ఈ పద్ధతికి విలువ ఎక్కడుందో పెద్దవాళ్లకి తెలుసు. వెనకటి రోజుల్లో బడి గదుల్లో, సత్రాల్లో వరసగా మంచాలు వేసి కంటి ఆపరేషన్లు చేసేవారు. చేసినవాళ్ల మనసు మంచిదే. కానీ చీము పట్టి ఉన్న కాస్త చూపూ పోగొట్టుకున్న అభాగ్యులు దేశమంతటా ఉన్నారు. తర్వాత జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమమే ఆ పద్ధతిని మాన్పించింది. పరీక్ష పల్లెలో, కోత ఆసుపత్రిలో అన్న నియమం అలా వచ్చింది. పంటి శిబిరాలు పెట్టేవారు కూడా ఈ నియమాన్ని కళ్లకద్దుకోవాలని నా మనవి.

పన్ను పీకడం చిన్నపనే అనిపిస్తుంది. నెత్తురు వచ్చే పని ఏదీ చిన్నపని కాదు. పటకారు ఒకరి నోట్లోంచి తీసి, నీళ్లలో ముంచి, ఇంకొకరి నోట్లో పెట్టడమంటే కామెర్ల వైరస్‌ని చేత్తో పంచిపెట్టినట్టే. వేడినీళ్లలో కాచినా చాలదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడి మీద, ఆవిరి ఒత్తిడిలో 15 నిమిషాలైనా ఉంచాలి. అంటే ఎన్ని సెట్లు తెచ్చారో అంతమందికే పీకాలి. సెట్లు అయిపోతే, మళ్లీ శుద్ధి అయ్యేదాకా లైను ఆగాలి. లైను ఆగితే జనం గొడవ చేస్తారు, పెద్దమనుషులు "కానివ్వండి సార్" అంటారు. అప్పుడు అడ్డంగా నిలబడి "ఆగండి" అనగలిగిన వలంటీరు ఒకరుండాలి. షుగరు చూడకుండా, బీపీ చూడకుండా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడగకుండా ఎవర్నీ కుర్చీ ఎక్కించకూడదు. గుండెకి స్టెంటు వేసినవాళ్లు ఆ మాత్రలు సొంతంగా మానేసి రావడం ఇంకా ప్రమాదం. విదేశాల్లో చదివి అక్కడే పనిచేస్తున్న డాక్టర్లు ఇక్కడ రోగుల్ని చూడాలంటే మన దేశపు కౌన్సిల్ అనుమతి ఉండాలి. అది వారి మీద అనుమానం కాదు, రేపు ఏదైనా జరిగితే పేదవాడికి దిక్కు ఉండాలని.

పీకిన రాత్రి నెత్తురు ఆగకపోతే ఆ మనిషి ఎవరికి ఫోన్ చేయాలి? ఒక శిబిరంలో డాక్టర్లందరూ సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయారు. చీటీ మీద ఫోను నంబరు లేదు. రాత్రి పది గంటలకి ఒకాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, శిబిరం జరిగిన బడి గేటు దగ్గరికే వచ్చి నిలబడ్డాడని వాచ్‌మన్ తెల్లారి చెప్పాడు. పాపం, ఆయనకి తెలిసిన ఆసుపత్రి అదే. ఏరియా ఆసుపత్రికి వెళ్లాలని ఆయనకి చెప్పినవాళ్లు లేరు.

కట్టుడు పళ్ల సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. శిబిరం లెక్కల్లో "ఇన్ని పళ్లు తీశాం" అని రాస్తారు. తీసిన తర్వాత ఆ మనిషి ఏం తింటున్నారన్నది ఏ లెక్కలోనూ ఉండదు. పళ్లన్నీ పోయిన అరవై ఏళ్ల ఆడమనిషి గంజి అన్నం, చారు, నానబెట్టిన బ్రెడ్డు మీద బతుకుతుంది. కూర నమలలేదు, వేరుశనగపప్పు తినలేదు, చేప ముల్లు తీసుకుని తినలేదు. షుగరు ఉంటే ఆ మెత్తటి తిండే మళ్లీ షుగరు పెంచుతుంది. నలుగురిలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది, పెళ్లిళ్లకి వెళ్లడం మానేస్తుంది. మామూలు పంటి వైద్యం ప్రభుత్వ ఆరోగ్య కార్డు పరిధిలో లేదు. ఒక సెట్టు చేయించాలంటే అచ్చు తీయాలి, కొరుకుడు కొలత చూడాలి, మైనంతో పెట్టి చూడాలి, తర్వాత పళ్లు పెట్టాలి, ఒరిసినచోట మళ్లీ సరిచేయాలి. నాలుగైదు సార్లు కుర్చీ ఎక్కాలి. ఒక్కరోజు శిబిరంలో ఇది జరగదు. అందుకే దాన్ని ఎవరూ తలపెట్టరు.

కానీ జరగని పని కాదు. అమలాపురంలో కిమ్స్ వైద్య కళాశాలతో పాటు దంత కళాశాల కూడా ఉంది. రాజమండ్రిలో జీఎస్ఎల్ ఉంది. బీడీఎస్ చదివే పిల్లలకి పళ్లు కట్టడం నేర్చుకోవడానికి రోగులు కావాలి. మన ముసలివాళ్లకి పళ్లు కావాలి. మధ్యలో ఉన్నది దారి ఖర్చు, నాలుగైదు ప్రయాణాలు, తోడు వచ్చే మనిషి. పండక్కి వచ్చి శిబిరం పెట్టే దాతలకి నేను చేతులు జోడించి చెప్పేది ఇదే. షామియానాకీ బ్యానరుకీ శాలువాలకీ అయ్యే ఖర్చులో కొంత తగ్గించి, ఊళ్లో పళ్లు లేని పాతికమందిని ఎంచి, వాళ్లను కాలేజీకి తీసుకెళ్లి తీసుకొచ్చే ఆటో కిరాయి పెట్టండి. తోడుకి ఇద్దరు డిగ్రీ పిల్లల్ని పెట్టండి. ఫొటోలో పడే పని కాదు. కానీ ఆ పాతికమంది రోజూ మూడుపూటలా అన్నం నమిలి తింటారు.

ఎవర్ని ఎంచాలో మీకు తెలియకపోతే ఆశా కార్యకర్తని అడగండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి పొంగి లంకలు మునిగినప్పుడు, ఏ ఇంట్లో నెలలు నిండిన కోడలుందో, ఏ ఇంట్లో ఇన్సులిన్ వేసుకునే తాతగారున్నారో కాగితం చూడకుండా చెప్పింది వాళ్లే. పడవ మీద మందులపెట్టె పెట్టుకుని వెళ్లిందీ వాళ్లూ, ఏఎన్ఎంలే. అయినా మన శిబిరాల్లో వేదిక మీద వాళ్లకి కుర్చీ వేయరు. లైను చూడమంటారు. నా మాట వింటే, శిబిరానికి పది రోజుల ముందే వాళ్లను పిలిచి కూర్చోబెట్టి, ముందు వాళ్ల చేత మాట్లాడించండి. మంచం మీదినుంచి లేవలేనివాళ్లు, రాలేనివాళ్లు, సిగ్గుపడి రానివాళ్లు ఎవరో అప్పుడు తెలుస్తుంది. మైకు పెట్టి పిలిస్తే వచ్చేవాళ్లు కాస్తో కూస్తో నడవగలిగినవాళ్లే.

వలంటీరుగా రావాలనుకునే కాలేజీ పిల్లలకి ఒక్క మాట. శిబిరం రోజు పని సులువు. అందరూ ఉంటారు, భోజనాలుంటాయి, హుషారుగా ఉంటుంది. నిజమైన పని మర్నాడు మొదలవుతుంది. ఎర్రగీత గీసిన చీటీలు తీసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. "బాబాయ్, కాకినాడ వెళ్లారా?" అని అడగాలి. వెళ్లలేదంటే ఎందుకు వెళ్లలేదో అడగాలి. డబ్బులు లేకా, తోడు లేకా, భయమా? తోడు లేకపోతే మీరే వెళ్లాలి. ఓపీ చీటీ దగ్గర నిలబడాలి, కార్డు చూపించాలి, డాక్టరు చెప్పింది రెండుసార్లు విని ఇంట్లోవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలి. అలా ఒక్క మనిషిని చివరిదాకా నడిపించిన కుర్రాడు, ఐదువందలమందికి బీపీ చూసిన శిబిరం కంటే తక్కువ పని చేశాడని నేననుకోను.

ఈ సంక్రాంతికి శిబిరం పెట్టదలచినవారు తేదీ ఖాయం చేసేటప్పుడే, నెల తిరిగాక ఇంకో తేదీ కూడా ఖాయం చేయండి. అదే బడిలో, అదే బల్లల దగ్గర, మొదటిసారి వచ్చినవాళ్ల కోసమే. పన్ను తీసినచోట మానిందా, రాసిచ్చిన బీపీ మాత్ర వాడుతున్నారా, పంపినచోటికి వెళ్లారా, ఆ రోజు చూడండి. ఆటోకి మైకు కట్టినప్పుడు రెండు తేదీలూ కలిపి చెప్పించండి.